పదమూడు కిలోల బేరిపండ్లు

పరీక్ష కేంద్రం నుంచి ఫోన్ వచ్చిన వేళకి తోర్రెసోలా ఊరి రొట్టెల కొట్లో కొట్టాయన ఫుల్హెన్సియో తప్ప ఇంకో నరమానవుడు లేడు. పైఅంతస్తులో ఒబ్దూలియా టీచరు పిల్లల చేత ఇంగ్లీషు క్రియాపదాలు వల్లె వేయిస్తోంది. పందొమ్మిదేళ్ళ క్రితం ఆ ఇంగ్లీషు బడి పెట్టిన రోజున కింది కొట్టు నంబరే బడి నంబరుగా రాసింది. తర్వాత టీచరు చేతికి సెల్‌ఫోన్ వచ్చినా నంబరు మార్చలేదు. మారిస్తే ఫుల్హెన్సియో నొచ్చుకుంటాడు.

అవతల ఒక ఇంగ్లీషు దొరసాని. ఇవతల డెబ్బై ఒక్కేళ్ళ వయసు, నలభై ఇంగ్లీషు మాటలు. ఆ నలభై ఎక్కడివంటే, మేడమెట్ల గోడకి ఒబ్దూలియా అంటించిన పండ్లూ కూరగాయల పటంలోవి. పిండిబస్తా భుజాన వేసుకుని ఎక్కుతూ దిగుతూ చదివాడు. పేరులోనే 'ఫుల్' ఉన్న మనిషి కదా, పావు తెలిస్తే ఫుల్లుగా తెలిసినట్టే.

"ప్రతి అభ్యర్థికీ ఒక 'పేర్' ఉండాలి. అది లేనివాళ్ళని పరీక్షకి కూర్చోనివ్వం. శుక్రవారం లోపు అన్నీ పంపించండి," అంది దొరసాని.

జత అని ఆవిడ భావం. ఆ భాషలో జతనీ, బేరిపండునీ ఒకేలా పలుకుతారు. పటంలో ఏడో బొమ్మ బేరిపండు. పరీక్ష, అభ్యర్థి అన్న మాటలు సొంత భాషలోనూ దాదాపు అలాగే పలుకుతారు. ఫుల్హెన్సియో మొహం పొయ్యిలో రొట్టెలా పొంగింది. పుట్టి బుద్ధెరిగాక ఒక ఇంగ్లీషు వాక్యం మొదలు నుంచి చివరిదాకా అర్థం కావడం అదే మొదలు. "యెస్, యెస్, పేర్!" అని ఫోన్ పెట్టేసి, సాయంత్రం రొట్టెల వరసలో నిలబడ్డ తల్లులకి దండోరా వేశాడు.

"పరీక్షకి బేరిపండా? తినడానికా, చూడ్డానికా?" అంది ఎన్కార్నా. ఆవిడ యెరాయ్ తల్లి.

"ఇంగ్లీషువాళ్ళ ఆచారం. పెద్దింటికి ఉత్తచేతులతో వెళ్తామా మనం మాత్రం?"

"ఆ మాటకొస్తే నూనె పంపితే పోలా? ఊరంతా ఆలివ్ తోటలేగా. మనకున్నదే నూనె!"

"నూనె అనలేదమ్మా తల్లీ! పేర్ అంది. చెవులారా విన్నాను."

"ఈ మే నెలలో బేరిపండ్లు ఎవడి చెట్టుకి కాస్తున్నాయి బాబాయ్?"

"చెట్టుకి కాయకపోతే కొట్లో కాస్తాయి."

పదిమంది పిల్లలకి పది పండ్లు చాలు. కానీ తోర్రెసోలా ఊరు పది పండ్లు పంపితే పక్క ఊరు నవ్వదూ? చందా వేసి, కోల్డ్ స్టోరేజీ సరుకే అయినా నిగనిగలాడేవి ఏరి, పదమూడు కిలోల పెట్టె కట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పట్నానికి పంపేశారు. టీచరమ్మ పనిలో మునిగి ఉంది, ఆవిణ్ణి కదిలించొద్దు, మనమే చూసుకున్నామని తర్వాత చెబుదాం అనుకున్నారు. ఫలం వెళ్ళింది కనుక ఫలితం తప్పక వస్తుందని ఊరంతా నమ్మింది.

సోమవారం దొరసాని ఒబ్దూలియా సెల్‌ఫోన్‌కే చేసింది. "మేడమ్, నా బల్ల మీద ఒక పండ్ల పెట్టె ఉంది. జతల జాబితా మాత్రం లేదు."

ఒబ్దూలియాకి ఒక్క క్షణం బుర్ర తిరిగింది. రెండో క్షణంలో మేడమెట్ల గోడ మీది ఏడో బొమ్మ కళ్ళముందు కదిలింది. మూడో క్షణంలో అబద్ధం ఆడేసింది. "మా ఊరి పద్ధతండీ. మాట కలిపే ముందు నోరు తీపి చేస్తాం." ఫోన్ పెట్టేశాక మెట్లమీదే కూలబడి, ఎవరూ చూడకుండా నవ్వి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. కిందకి దిగితే ఫుల్హెన్సియో ఎదురొచ్చాడు. "అందాయా అమ్మాయ్?"

"అందాయి బాబాయ్. సంతోషించారు."

ఆయన జీవితంలో పూర్తిగా అర్థమైన ఇంగ్లీషు వాక్యం ఆ ఫోన్‌లోది ఒక్కటే. దాన్నెలా విరిచేస్తుంది?

ఇక జాబితా. ఆ పరీక్షలో మాట్లాడే భాగానికి పిల్లలు ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్ళాలి. ఎదురుగా ఇద్దరు పరీక్షకులు. ఒకరు అడుగుతారు, ఒకరు మార్కులేస్తారు. ముందు పిల్లలు విడివిడిగా మాట్లాడాలి, తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు. ఎవరు ఎవరితో వెళ్ళాలో టీచరే రాసివ్వాలి.

పందొమ్మిదేళ్ళలో ఆ పరీక్ష గట్టెక్కిన పిల్ల ఆ ఊళ్ళో ఒక్కతీ లేదు. తోర్రెసోలాలో సొంత భాషకే మాట చివర 's' పలకరు, మింగేస్తారు. ఇంగ్లీషుకి ప్రథమ పురుష ఏకవచనంలో క్రియ చివర 's' కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తారు? చివర పెట్టమంటే మింగుతారు, మొదట ఉంటే దానికో 'ఎ' తగిలిస్తారు. స్కూలు ఎస్కూలు, స్టేషను ఎస్టేషను. "చివర ఎస్ పెట్టండర్రా" అంటే "యెస్" అంటారు, పెట్టరు. ఒబ్దూలియా ప్రతి గోడ మీదా పాములాంటి పెద్ద 's' అక్షరం గీసి పెట్టింది. పిల్లలకి పామంటే భయం పోయింది కానీ, 's' నోట పలకలేదు.

ఒక్క కసిల్దా నోట పలికింది.

కసిల్దాకి పదహారు. తండ్రి బల్తసార్ ఆలివ్ కోతల ముఠా మేస్త్రీ. పన్నెండేళ్ళప్పుడు ఈ మేడెక్కింది. "టీచర్, నాకు తప్పు చెప్పండి, బాగుందని చెప్పకండి" అన్న పిల్ల. రొట్టెలు కాలేదాకా కింద కూర్చుని పలికేది, ఫుల్హెన్సియో ఆ పిల్ల కంటపడకుండా గోడవైపు తిరిగి విని మెచ్చుకునేవాడు. ఇప్పుడు గ్రనాదా నగరంలో ఒక పెద్ద బడిలో రెండేళ్ళు హాస్టలూ చదువూ ఉచితంగా, ఒక్కటంటే ఒక్క సీటు ఆ పిల్ల కోసం ఆపి ఉంచారు. జూలై ఆఖరులోగా ఇంగ్లీషు పట్టా చూపించాలి. చూపించకపోతే ఆ సీటు వరసలో తర్వాతి వాళ్ళకి పోతుంది.

"పట్టా వస్తే నేనే బస్సెక్కిస్తా," అన్నాడు బల్తసార్. "రాకపోతే ఆ మాట మళ్ళీ నా చెవిన వేయొద్దు. నవంబరులో ఆలివ్ కోతకి కర్ర పట్టుకుంటుంది. ఊగిసలాడ్డం నాకు గిట్టదు టీచరమ్మా. చెట్టెక్కాలి, లేదా దిగాలి."

మిగతా తొమ్మిదిమంది ఎందుకు రాస్తున్నారంటే, ఒకరు వెళ్తే అందరూ వెళ్ళాలి కనుక. ఒబ్దూలియా జాబితా ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా ఆలోచించింది. ఫార్మసీ ఆయన కూతురు నొయెలియాతో కసిల్దాని కలిపితే? నొయెలియా నోరు వాగు. పట్నం నుంచి వచ్చిన కుటుంబం. ఎవరు మాట్లాడుతున్నా మీదపడి మాట్లాడుతుంది, కసిల్దాని మాట్లాడనిస్తుందా? మరి యెరాయ్? వాడి ఇంగ్లీషు చూస్తే ఏడుపొస్తుంది. కానీ ప్రతి డిసెంబరు సెలవుల్లో కసిల్దా, యెరాయ్ ఒకే చెట్టుకి. చెరోవైపు నిలబడి కర్రలతో కొమ్మలు దులుపుతారు, కింద పరిచిన వల కలిసి లాగుతారు. నాలుగు సీజన్ల జత. ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. మాట తడబడినా ఆ పిల్ల భయపడదు. భయం లేకపోతే చాలు, మిగతాది ఆమెకి వచ్చు.

కసిల్దా, యెరాయ్. అని రాసింది. నాలుగుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి జతలుగా అభ్యాసం. కింది కొట్లోంచి రొట్టెలు కాలే గంట తెచ్చి బల్లమీద పెట్టింది, నాలుగు నిమిషాలకి మోగేట్టు. మొదటి అంశం ఊరి సినిమా హాలు.

"సినిమా హాలు," అని మొదలెట్టాడు యెరాయ్. "సినిమా హాలు... ఈజ్... టీచర్, మంచిదని చెప్పాలా, చెడ్డదని చెప్పాలా?"

"నీ ఇష్టం రా."

"నాకే ఇష్టమూ లేదు టీచర్. మూతపడి ఆరేళ్ళయింది."

"అదే చెప్పు!"

"మూతపడ్డాన్ని ఏమంటారు?"

కసిల్దాకి తెలుసు. నోటి దాకా వచ్చింది, ఆపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని వైపు చూస్తూ కూర్చుంది. తోర్రెసోలా ముఠాల్లో అదొక నియమం. ఒకే చెట్టుకి పెట్టిన ఇద్దరిలో చెయ్యి చురుకైనవాళ్ళ వైపు ముందు అయిపోతుంది. అప్పుడు జతగాడి వైపుకి వెళ్ళి వాడి పని చేస్తే అది అవమానం, నువ్వు పనికిరావని పదిమందిలో చెప్పినట్టు. వదిలేసి పక్కచెట్టుకి నడిస్తే అది ద్రోహం. కర్ర నేలకి ఆనించి ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. పెళ్ళి సంబంధాలు కూడా ఆ ఆగడం చూసే కుదురుతాయి ఆ ఊళ్ళో.

నాలుగు నిమిషాలు కావస్తుంటే గంట మోగబోయింది. ఒబ్దూలియా దానిమీద అరచెయ్యి వేసి ఆపింది. ఆరో నిమిషంలో యెరాయ్‌కి మాట దొరికింది. "క్లోజ్డ్! టీచర్, క్లోజ్డ్!" కసిల్దా నవ్వి, అప్పుడు అందుకుని, గుక్కతిప్పుకోకుండా రెండు నిమిషాలు మాట్లాడింది. ప్రతి 's' మెరిసింది. ఒబ్దూలియాకి కడుపు నిండింది. ఎంత చక్కటి జత అనుకుంది. మర్నాడూ, ఆ మర్నాడూ గంట మీద చెయ్యి వేసింది. ఎన్నిసార్లు వేసిందో తర్వాత లెక్కపెట్టుకుంది, ఇరవై రెండు.

జూన్ మూడోవారం, పట్నం. ఎండ రోడ్డుమీద నూనెలా మరుగుతోంది. పరీక్ష గది తలుపుకి చేతివెడల్పు అద్దం. అందులోంచి చూడొచ్చు, వినపడదు. ఒబ్దూలియా అద్దానికి ముక్కు ఆనించింది.

ముందు విడివిడి ప్రశ్నలు. కసిల్దా మాట్లాడుతుంటే మార్కులు వేసే ఆవిడ కలం ఆపి తలెత్తి చూసింది. ఒబ్దూలియా మునివేళ్ళ మీద లేచింది. పందొమ్మిదేళ్ళు, తల్లీ!

తర్వాత బల్లమీద ఐదు బొమ్మలు పరిచారు. యెరాయ్ నోరు తెరిచాడు. మూశాడు. తెరిచాడు. కసిల్దా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దే," అంది ఒబ్దూలియా అద్దంతో. "మాట్లాడవే. మాట్లాడు."

గడియారం గోడమీద నడుస్తోంది. దాని మీద అరచెయ్యి వేసేవాళ్ళు ఎవరూ లేరు. పరీక్షకుడు కసిల్దా వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె చిన్నగా, మర్యాదగా ఒక్క వాక్యం చెప్పి, మళ్ళీ యెరాయ్ వైపు చూసింది. ఇంకోసారి అడిగాడు. అదే వాక్యం. ఆయన బొమ్మలు తీసేశాడు. మార్కులు వేసే ఆవిడ కాగితం తిప్పేసింది.

బయటకి వచ్చాక యెరాయ్ గోడకి ఆనుకుని తల దించేశాడు.

"ఏం అడిగారే?"

"ఊళ్ళో కుర్రవాళ్ళు వెళ్ళిపోకుండా ఉండాలంటే ఏం కావాలి అని, టీచర్," అంది కసిల్దా. "సినిమా హాలు, ఈతకొలను, లైబ్రరీ, ఆటస్థలం, బస్సు. ఐదింట్లో ఒకటి ఇద్దరూ కలిసి తేల్చాలి."

"నాకు బస్సు ఒక్కటే వచ్చు," అన్నాడు యెరాయ్. "బస్ గో అన్నాను. ఉండిపోవడానికి బస్సెందుకని వాళ్ళు అనుకుని ఉంటారు. తర్వాత కసిల్దాతో గో, గో అన్నాను, నువ్వు కానివ్వవే అని. వాళ్ళు ఇంకా బస్సు గురించే అనుకున్నారు."

"ఒరేయ్, గోస్ రా, గోస్!" అంది ఒబ్దూలియా. అన్నాక తన నోరంటే తనకే అసహ్యం వేసింది. "కసిల్దా, వాడు నిన్ను కానివ్వమన్నాడని నీకు అర్థమైందా?"

"అయింది."

"మరి?"

"జతగాడు వెళ్ళమంటే మాత్రం వెళ్తారా టీచర్? వాడి వైపు ఇంకా కాలేదు."

"పరీక్షకుడు అడిగినప్పుడైనా..."

"చెప్పాను. ఐ యామ్ వెయిటింగ్ ఫర్ హిమ్ అని. రెండుసార్లు." ఒబ్దూలియా కళ్ళలోకి చూసింది, ఎప్పటిలాగే తప్పు చెప్పమన్నట్టు. "వాక్యం సరిగ్గానే ఉంది కదా టీచర్?"

"సరిగ్గానే ఉంది, తల్లీ."

ఫలితాలు జూలైలో వచ్చాయి, రొట్టెల కొట్టు చిరునామాకే. వరసలో నిలబడ్డ ఊరి ముందే కవర్లు చించారు. పదిమందిలో ఒక్కతి నెగ్గింది. ఫార్మసీ ఆయన కూతురు నొయెలియా. తన జత పిల్లని నోరు తెరవనివ్వలేదు, పధ్నాలుగు నిమిషాలూ తనే వాగింది. నొయెలియా ఏనాడూ ఏ చెట్టు కిందా కర్ర ఆనించి నిలబడలేదు. పట్టాతో ఏం చేసుకుంటావే అంటే, "ఏమో, గోడకి పెడతా" అంది. కసిల్దా కాగితంలో రాతపరీక్ష మార్కులు కొండంత ఉన్నాయి. మాట్లాడే పరీక్ష దగ్గర, "జతతో సంభాషణ లేదు" అని ఒక గీత. అందులో తప్పితే మొత్తం తప్పినట్టే. మళ్ళీ పరీక్ష డిసెంబరులో. గ్రనాదా సీటు జూలైలో. కాలెండరుకి జాలి ఉండదు.

కసిల్దా కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ముందుగా ఎన్కార్నా నోరు లేచింది. "నేను మొదట్నుంచీ మొత్తుకున్నాను, నూనె పంపండర్రా అని. కోల్డ్ స్టోరేజీ పండ్లు పంపారు. పైన నిగనిగ, లోపల నలుపు. తిన్నవాళ్ళకి కడుపునొప్పి వచ్చి ఉంటుంది, మార్కులు కోసేశారు."

"అవునవును, ఆ పండ్లే కొంప ముంచాయి," అన్నారు వరసలో ఇంకో నలుగురు.

ఫుల్హెన్సియో పిండిచేతులు తుడుచుకున్నాడు. తూకపు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూసి పెట్టాను," అన్నాడు చివరికి. "కిందివరస నొక్కలేదు. తొందరలో కిందివరస నొక్కలేదు. పిల్ల గొంతు కోసింది నేనే."

ఒబ్దూలియా మెట్ల దగ్గర నిలబడి వింటోంది. రెండు నెలలు దాచిన మాట ఇక దాచడం పాపం. గోడ మీది పండ్ల పటం ఊడబీకి, తెచ్చి కొట్టు బల్లమీద పరిచింది.

"బాబాయ్, అందరూ కూడా వినండి. పండ్ల తప్పు కాదు. వాళ్ళసలు పండ్లు అడగలేదు. పరీక్షకి ఇద్దరిద్దరుగా రావాలి, ఎవరు ఎవరికి జతో రాసి పంపమన్నారు. ఇంగ్లీషులో జతకీ, బేరిపండుకీ పలుకు ఒక్కటే. రాత వేరు."

కొట్లో ఎవరూ నవ్వలేదు. వేరే రోజైతే వారం రోజులు నవ్వి ఉండేవారు.

ఫుల్హెన్సియో పటం మీద ఏడో బొమ్మని వేలితో తడిమాడు. "వింటే తేడా తెలీదా?"

"తెలీదు. నాకూ తెలీదు."

"మరి సంతోషించారన్నావే?"

"అబద్ధమాడాను బాబాయ్."

"జత," అన్నాడు వెనకనుంచి బల్తసార్. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అంటే మనలాగే. ఒక చెట్టుకి ఇద్దరు."

"అంతే."

"మార్కులు ఇద్దరికీ కలిపి వేస్తారా?"

"లేదు. ఎవరివి వాళ్ళవి."

"అయితే మా పిల్ల ఆగినందుకు..."

"ఆగినందుకు ఏమీ లేదు. ఆగడానికి వాళ్ళ మార్కుల కాగితంలో గడి లేదు. దాన్ని మాట రాకపోవడం కింద రాసుకున్నారు." ఒబ్దూలియా బల్ల అంచు పట్టుకుంది. "ఇంకొకటి ఉంది. ఆ జాబితా రాసింది నేను. కసిల్దా పక్కన యెరాయ్ పేరు నేనే పెట్టాను. మధ్యాహ్నమంతా ఆలోచించి మరీ పెట్టాను. ఇరవై రెండుసార్లు గంట మోగకుండా ఆపింది కూడా నేనే."

యెరాయ్ తలుపు బయట నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కసిల్దా వాడి దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడింది.

బల్తసార్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకుని వాళ్ళిద్దర్నీ చూశాడు. తిడతాడని అందరూ ఎదురుచూశారు. తిట్టినా బాగుండేది.

"జత బాగానే పెట్టావు టీచరమ్మా," అన్నాడు. "నేనైనా ఆ ఇద్దర్నే పెట్టేవాణ్ణి. నవంబరులో ఒకే చెట్టుకి పెట్టబోయేదీ ఆ ఇద్దర్నే."